అగ్రిజెంతో గుళ్ళ కింద తోట, మన పానగల్లు చెరువు

ఇటలీలోని సిసిలీ దీవికి వెళ్ళొచ్చినప్పటి నుంచి కలిసినవాళ్ళందరూ అక్కడి పాత గ్రీకు గుళ్ళ గురించే అడుగుతున్నారు. ఫోటోల్లో పడేవి అవే కాబట్టి అడగడం సహజమే. నేను మాత్రం నల్లగొండ బత్తాయి తోటల మధ్య పుట్టి పెరిగినదాన్ని, నీళ్ళ కోసం మా నాయిన పడ్డ కష్టం చూసినదాన్ని, అందుకేనేమో ఆ గుళ్ళన్నిటి కన్నా వాటి కింద పారే ఒక సన్నటి కాలువ నాకు గొప్పగా అనిపించింది. రెండున్నర వేల ఏళ్ళ కింద మనుషులు రాతిలో తొలిచిన సొరంగాల నుంచి ఊరే నీళ్ళు ఇవాళ్టికీ నారింజ చెట్ల పాదుల్లోకి పోతున్నాయి. ఈ పోస్టు దాని గురించే. కాస్త పొడుగే అవుతుంది, తోటలున్నవాళ్ళు ఓపిగ్గా చదవండి.

తమ్ముడు ఇటలీలో చదువుకుంటున్నాడు. వాడికి మార్చి చివర్లో సెలవులు దొరికితే ఇద్దరం కతానియాలో విమానం దిగి అక్కడి నుంచి బస్సులో అగ్రిజెంతో వెళ్ళాం. దారంతా గుట్టలు, మోకాలెత్తు గోధుమ పైరు, మధ్యమధ్యలో బాదం చెట్లు, కంచెల వెంట నాగజెముడు పొదలు. నాగజెముడు కాయలు అక్కడ అంగళ్ళలో అమ్ముతారు, జనం ఇష్టంగా కొనుక్కుంటారు.

అగ్రిజెంతో పాత పేరు అక్రగాస్. క్రీస్తుపూర్వం 580 ప్రాంతంలో జేలా అనే పక్క ఊరి నుంచి వచ్చిన గ్రీకులు కట్టుకున్న పట్నం. ఇటలీలో గ్రీకులేంటి అని నాకూ మొదట అనుమానం వచ్చింది కానీ, అప్పటికి రోము ఇంకా పెద్ద రాజ్యం కాలేదు, దక్షిణ ఇటలీ తీరం, సిసిలీ తీరం పొడుగునా గ్రీకులే ఊళ్ళు కట్టుకుని ఉన్నారు. మట్టి, నీరు, గాలి, నిప్పు, ఈ నాలుగింటితోనే లోకమంతా ఏర్పడిందని చెప్పిన ఎంపెడోక్లిస్ ఈ ఊరివాడే. మన పంచభూతాల్లో ఆకాశం ఒక్కటి తీసేస్తే ఆయన లెక్క. ఊరికి కింద, సముద్రం వైపున్న గట్టు మీద వరసగా గుళ్ళు కట్టారు. గుళ్ళ లోయ అని పేరు గానీ అది నిజానికి గట్టే, మనం కింద నుంచి పైకి తలెత్తి చూస్తాం. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వాటిలో నిండుగా నిలబడి ఉన్నది కాంకోర్డియా గుడి. క్రీస్తుపూర్వం 440, 430 మధ్య కట్టింది. ముందు ఆరు స్తంభాలు, పక్కన పదమూడు, దాదాపు అన్నీ కట్టినచోటే ఉన్నాయి. చుట్టుపక్కల గుళ్ళు చాలావరకు కూలిపోయినా ఇది ఎలా నిలిచిందంటే, క్రీస్తుశకం 597లో గ్రెగరీ అనే బిషప్పు దీన్ని చర్చిగా మార్చాడు. గర్భగుడి గోడల్లో కమానులు కోశారు, స్తంభాల మధ్య సందులు గోడలతో పూడ్చారు. దేవుడు మారాడు గానీ మనుషుల రాకపోకలు ఆగలేదు, కప్పు కారితే బాగుచేసేవాళ్ళున్నారు, గోడ బీటలిస్తే పూడ్చేవాళ్ళున్నారు. ఆ కమానులు ఇప్పటికీ కనిపిస్తాయి. కాస్త అవతలే ఉన్న, గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్ గుడి కథ దీనికి పూర్తిగా తిరగబడింది. గ్రీకు గుళ్ళలోకెల్లా పెద్దదిగా కట్టాలని మొదలుపెట్టారు, పూర్తి కాకముందే క్రీస్తుపూర్వం 406లో ఉత్తర ఆఫ్రికా తీరంలోని కార్తేజ్ సైన్యం వచ్చి పట్నాన్ని కొల్లగొట్టింది. తర్వాత ఎవరికీ పట్టని రాళ్ళ గుట్ట అయింది. 18వ శతాబ్దంలో పక్కనున్న రేవు, ఇప్పటి పోర్తో ఎంపెడోక్లే, కట్టడానికి ఆ రాళ్ళే మోసుకుపోయారు. బరువు మోస్తున్నట్టు చేతులు తల మీదకెత్తిన మనిషి శిల్పం ఒకటి, ఏడు మీటర్లు దాటి ఉంటుంది, దాని నకలు నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. అసలుది మ్యూజియంలో ఉంది.

అది చూస్తుంటే నాకు మా ఊరి పాత మోటబావి గుర్తొచ్చింది. దాని గట్టున చెక్కిన స్తంభం ముక్క ఒకటి అడ్డంగా వేసి ఉండేది, అంచున తామర రేకులు, ఒక పక్క అరిగిపోయిన ఏనుగు. అమ్మ దాని మీదే బట్టలు ఉతికేది. అది ఏ గుడిదో ఊళ్ళో ఎవరూ చెప్పలేదు, అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

గుళ్ళ రాయి గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయే నీళ్ళ సంగతంతా దాని మీదే ఆధారపడి ఉంది. అది తేనెరంగు సున్నపు ఇసుకరాయి. దారి పక్కన పడి ఉన్న బండ దగ్గర కూర్చుని చూస్తే ఆల్చిప్పల ముక్కలు, చిన్న చిన్న గవ్వలు రాయి నిండా కనిపిస్తాయి, ఒకప్పుడు ఆ గట్టు సముద్రం అడుగున ఉండేది కదా. కొన్నిచోట్ల గవ్వ ఊడిపోయి దాని అచ్చు మాత్రం మిగిలింది. వేలితో రుద్దితే ఇసుక రాలుతుంది. గాలికి, వానకు అరిగిపోకుండా అప్పట్లో దీని మీద తెల్లటి గచ్చు పూసి రంగులు వేసేవాళ్ళట, ఇప్పుడు మనకు కనిపించేది ఆ పూత రాలిపోయిన లోపలి రాయి.

ఇక తోట. కాస్టర్, పోలక్స్ గుడి అని నాలుగు స్తంభాలు మూలగా నిలబెట్టి ఉంటాయి (అవి 19వ శతాబ్దంలో మళ్ళీ పేర్చి నిలబెట్టినవి), దాని పక్క నుంచి మెట్లు దిగితే ఒక్కసారిగా పచ్చదనం. పేరు కోలింబేత్ర. సుమారు ఐదు హెక్టార్లు, అంటే మన లెక్కలో పన్నెండు ఎకరాలు. దీనికి విడిగా టికెట్ పెట్టారు, చాలామంది పైన గుళ్ళు చూసేసరికే అలసిపోయి దిగకుండానే వెళ్ళిపోతున్నారు. దయచేసి అలా చేయకండి.

అక్కడ మొదట చెరువు ఉండేది. క్రీస్తుపూర్వం 480లో హిమేరా దగ్గర జరిగిన యుద్ధంలో గ్రీకులు కార్తేజ్ వాళ్ళను ఓడించారు, అక్రగాస్ పాలకుడు తెరోన్‌కు బందీలు కుప్పలుగా దొరికారు. వాళ్ళతోనే గుళ్ళకు రాయి కొట్టించాడు, పట్నం కింద నీటి సొరంగాలు తవ్వించాడు. ఆ పని చూసిన మేస్త్రీ పేరు ఫేయాక్స్, ఆ కాలువలకు ఆయన పేరే నిలిచిపోయింది. సొరంగాల నీళ్ళన్నీ ఈ పల్లంలోకి చేరేలా పెద్ద చెరువు తవ్వారు. సిసిలీ చరిత్రకారుడు దియోదోరస్ రాసిన కొలతల ప్రకారం చుట్టుకొలత ఏడు స్టేడియాలు, మన లెక్కకు కిలోమీటరు పైచిలుకు, లోతు ఇరవై మూరలు. అందులో చేపలు పెంచేవాళ్ళు, హంసలు తిరిగేవి. తర్వాత పట్టించుకునేవాళ్ళు లేక చెరువు పూడిపోయింది, పూడిన మట్టి సారవంతమైనది కాబట్టి జనం ద్రాక్ష తీగలు, చెట్లు పెట్టి మంచి ఆదాయం తీస్తున్నారని కూడా ఆయనే రాశాడు. అంటే రెండు వేల ఏళ్ళ కిందటికే అది తోట. పూడిక మట్టి పొలానికి తోలితే ఎలా పండుతుందో నల్లగొండ రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

నిమ్మ, పుల్ల నారింజ అక్కడికి అరబ్బులతో వచ్చాయి. 827లో వాళ్ళు సిసిలీలో దిగారు, రెండొందల ఏళ్ళకు పైగా ఉన్నారు. మొక్కలతో పాటు నీళ్ళు పంచే పద్ధతి కూడా తెచ్చారు. తీపి నారింజ వచ్చింది చాలా తర్వాత, 15, 16 శతాబ్దాల్లో. ఈ తీపి నారింజ, మన బత్తాయి ఒకే జాతి చెట్లు. మనం బత్తాయిని వేరే పండనుకుంటాం గానీ మన సాత్‌గుడి బత్తాయి, వాళ్ళ నారింజ అన్నదమ్ములే. ఆకు నలిపి వాసన చూస్తే నాకు తేడా తెలియలేదు.

గత శతాబ్దం చివర్లో తోట పాడుపడింది, ముళ్ళకంపలు కమ్మేశాయి. 1999లో ఇటలీలో పాత కట్టడాలు, తోటలు కాపాడే ఎఫ్ఏఐ అనే సంస్థకు దాన్ని అప్పగించారు. వాళ్ళు కంప కొట్టి, కాలువలు పూడిక తీసి, పాత రకాల చెట్లనే నిలబెట్టారు. ఇప్పుడు నారింజ, నిమ్మ, కమలా, దబ్బ, వాటి చుట్టూ అంజూర, దానిమ్మ, మల్బరీ, ఆలివ్ చెట్లు.

మేము వెళ్ళిన పొద్దున ఒక పెద్దాయన నీళ్ళు పెడుతున్నాడు. పైన రాతి తొట్టి ఉంది, సొరంగాల నుంచి వచ్చే నీళ్ళు దాంట్లో చేరతాయి. నిండాక తూము తీస్తారు. అక్కడి నుంచి అడుగు వెడల్పు కూడా లేని కాలువ, వాలు చూసి చూసి తిప్పారు, ఎక్కడా నిలబడదు, ఎక్కడా పరుగెత్తదు. ప్రతి చెట్టు చుట్టూ మట్టితో గుండ్రంగా పాదు. ఆయన పారతో పాదు కట్టను ఒక్క దెబ్బతో కోస్తాడు, నీళ్ళు లోపలికి మళ్ళుతాయి, పాదు నిండే వరకు ఆగి కోసిన మట్టినే మళ్ళీ అడ్డం వేసి పారతో రెండు సార్లు తట్టి ముందుకు కదులుతాడు. నీళ్ళు మొదలుకు తగలకుండా చెట్టు మొదట్లో మట్టి ఎత్తుగా ఎగదోసి ఉంది. మా తోటలో డ్రిప్ రాకముందు నాయిన అచ్చం ఇలాగే కట్టేవాడు, లోపల చిన్న పాదు, బయట పెద్ద పాదు, రెండింటి మధ్యలోనే నీళ్ళు, మొదలుకు తడి తగిలితే బంక కారుతుందని. నేను తమ్ముడి చేత అదే అడిగించాను. ఆయన చెట్టు మొదలు చూపించి, బెరడు తడిస్తే కుళ్ళుతుందని చెప్పాడట. వేరే దేశం, వేరే భాష, తెగులు అదే.

సొరంగం మూతి దగ్గరకు కూడా వెళ్ళి చూశాం. మనిషి వంగి దూరేంత ఎత్తు, గోడల మీద ఉలి దెబ్బలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి, లోపల చల్లగా, నాచు వాసన. నీళ్ళు ఎక్కడి నుంచో ఉరికి రావు, గోడలే చెమరుస్తాయి. పైన చెప్పిన గవ్వల రాయి వాన నీళ్ళను తాగేస్తుంది. దాని కింద బంకమట్టి పొర ఉంది, అది నీళ్ళను కిందికి పోనివ్వదు. రాయీ మట్టీ కలిసే చోట నీళ్ళు ఆగుతాయి, సరిగ్గా అక్కడ సొరంగం తొలిచారు. మోటరు లేదు, కరెంటు లేదు, పల్లానికి పారడం తప్ప ఇంకో శక్తి అక్కరలేదు. 2024లో సిసిలీలో ఘోరమైన కరువు వచ్చింది, ఎమర్జెన్సీ ప్రకటించారు, అగ్రిజెంతో ఊళ్ళో నల్లాలు రోజుల తరబడి రాలేదు, జనం మిద్దెల మీద ట్యాంకులు పెట్టుకుని లారీ నీళ్ళు కొనుక్కున్నారు. మేము దిగిన ఇంటామె నీళ్ళు వాడే విషయంలో ఎంత జాగ్రత్తో, స్నానానికి వెళ్ళే ముందు ఒకటికి రెండుసార్లు చెప్పేది. ఆమెను చూస్తే చిన్నప్పుడు ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టిన మా వాడకట్టు ఆడవాళ్ళే కళ్ళ ముందు మెదిలారు.

మన దగ్గర ఆ సొరంగాల పద్ధతి నడవదు. మనది గ్రానైటు. వాన నీళ్ళను తాగదు, పగుళ్ళుంటే ఆ పగుళ్ళలోకి మాత్రం దిగుతాయి, అందుకే ఒకరి బోరులో నీళ్ళు పడితే పది గజాల అవతల పొగ లేస్తుంది. పైగా లోతుకు పోయేకొద్దీ ఆ రాయిలోని ఫ్లోరైడ్ నీళ్ళలోకి కరుగుతుంది, మర్రిగూడ, మునుగోడు వైపు ఆ నీళ్ళు తాగి నడుములు వంగిపోయినవాళ్ళ బాధ మనకు తెలిసిందే. మన పెద్దలు రాయి గుణం చూసే నేల మీద చెరువులు కట్టారు. అక్కడ రాయి లోపల నీళ్ళు వెతికారు, ఇక్కడ రెండు గుట్టల మధ్య కట్ట వేసి వాన నీళ్ళను ఆపారు. ఎవరి నేలకు తగ్గ తెలివి వాళ్ళది. మనం ఆ చెరువుల్ని వదిలేసి బోర్ల మీద పడ్డాక ఏమైందో మా తోటలోనే చూశాను, నీళ్ళు అందక ఎండిన చెట్లను జేసీబీతో పెకలించిన రోజు నాయిన అన్నం ముట్టలేదు.

ఆ సాయంత్రం ఆయనకు వీడియో కాల్ చేసి తోట చూపించాను. గుళ్ళు చూపిస్తే "మంచిగున్నయి బిడ్డా" అని ఊరుకున్నాడు. చెట్టు చూపించగానే మాత్రం ముందుకు వంగాడు. "అంటు దేని మీద కట్టిన్రో అడుగు" అన్నాడు. ఆ పెద్దాయన చెప్పింది, పాతవన్నీ పుల్ల నారింజ మీద కట్టినవట. ఆ వేరు రుచి ఇస్తుంది, మొండిది కూడా, కానీ ట్రిస్టెజా అనే వైరస్ వస్తే పుల్ల నారింజ మీద కట్టిన చెట్టు నిలబడదు. పేనుబంక ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు దాన్ని మోస్తుంది. సిసిలీలో తోటలకు తోటలు దానితో పోయాయి, ఇప్పుడు కొత్తగా పెట్టేవాళ్ళు వేరే వేర్ల మీద కట్టిన మొక్కలు తెచ్చుకుంటున్నారు. నాయిన అంతా విని, "మనకు జంభేరి మీద వేరుకుళ్ళు వచ్చినట్టే" అన్నాడు. మా పాత తోట జంభేరి నిమ్మ వేరు మీద కట్టిందే, కొత్తది రంగ్‌పూర్ నిమ్మ మీద. వేరుకుళ్ళును అది కొంచెం ఎక్కువ తట్టుకుంటుంది. తర్వాత ఆయన అడిగింది ధర. ధర లేకపోతే ఏం చేస్తారని అడిగితే ఆ పెద్దాయన పెదవి విరిచి, కోత కూలి కూడా రానప్పుడు కాయ చెట్టు మీదే వదిలేస్తామన్నాడు. తమ్ముడు తెలుగులో చెప్పకముందే నాయినకు అర్థమైంది.

సిసిలీలోనే ఇంకో పాత పట్నం సిరాకూసలో చూసిన నిమ్మ సంగతి ఇంకా ఆశ్చర్యం. అక్కడి రైతులు ఏడాది పొడుగునా నిమ్మ తీస్తారు, అందులో వేసవిలో వచ్చే పచ్చ కాయకు వెర్దెల్లో అని పేరు. దానికోసం జూన్, జూలై నెలల్లో చెట్లకు నీళ్ళు పూర్తిగా ఆపేస్తారు. ఆకులు ముడుచుకుని చెట్టు వాడిపోయేదాకా ఆగి, అప్పుడు ఎరువు వేసి నీళ్ళు పెడతారు. బెట్ట నుంచి తేరుకున్న చెట్టు ఒక్కసారిగా పూతకు వస్తుంది, ఆ పూతే మరుసటి వేసవికి కాయ, బయట నిమ్మకాయ తక్కువగా ఉండి ధర పలికే సమయానికి. మనం బత్తాయికి చేసేది ఇదే కదా. శీతాకాలంలో నీళ్ళు ఆపి, చెల్క నేలైతే కొద్ది రోజులు, నల్లరేగడైతే ఎక్కువ రోజులు ఎండబెట్టి, తర్వాత తడి ఇస్తే జనవరి, ఫిబ్రవరిలో పూత. ఎన్ని రోజులు ఆపాలి, ఆకు ఏ మాత్రం వాలితే నీళ్ళు వదలాలి అనేది పుస్తకంలో ఉండదు, తోటలో రోజూ తిరిగేవాడి కంటికే తెలుస్తుంది. ఒక వారం ఎక్కువైతే కొమ్మలు ఎండిపోతాయి. అక్కడి రైతు కూడా అచ్చం ఆకు చూసే చెప్తాడు.

అదే ఊళ్ళో పాత రాతి గని ఒకటి ఉంది, లతోమియా దెల్ పరదీసో అంటారు. పట్నం కట్టడానికి రాయి కొట్టీ కొట్టీ గుట్ట లోపల లోయంత గుంత అయింది. క్రీస్తుపూర్వం 413లో ఓడిపోయిన ఏథెన్స్ సైనికులను ఏడు వేల మందిని సిరాకూస గనుల్లో బందీలుగా పెట్టారని గ్రీకు చరిత్రకారుడు తుసిడిడిస్ రాశాడు, ఎండకు, చలికి, ఆకలికి చాలామంది అక్కడే చచ్చిపోయారు. ఇప్పుడు ఆ గని అడుగున నిమ్మ, నారింజ చెట్లు. గాలి తగలదు, తేమ ఉంటుంది, చెట్లకు బాగుంటుంది. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

ఎట్నా అగ్నిపర్వతం కింది తోటలు పైపైనే చూశాం, కానీ ఒక్క విషయం చెప్పాలి. లోపల రక్తం రంగు ఉండే నారింజలు, తరొక్కో, మోరో, సాంగ్వినెల్లో, అక్కడివే. ఆ ఎరుపు నేరేడు పండులో ఉండే ఆంథోసయనిన్ వల్లనే, అది పండులో పుట్టాలంటే రాత్రుళ్ళు బాగా చల్లబడాలి, పగలు ఎండ ఉండాలి. ఎట్నా వల్ల ఆ చలి దొరుకుతుంది. మన బత్తాయి పండినా తోలు పచ్చగానే ఉండటానికి కారణం దీనికి ఇంకో పక్క. రాత్రుళ్ళు చల్లబడితేనే తోలులోని పచ్చదనం విరిగి పసుపు బయటపడుతుంది, మనకు ఆ చలి సరిపోదు. ఢిల్లీ వాళ్ళు పచ్చ కాయ చూసి పండలేదంటే మన తప్పేం లేదు, లోపల రసం, తీపి పూర్తిగా వచ్చాకే కోస్తున్నాం.

తిరిగి వచ్చాక మ్యూజియంల గురించి చదువుతుంటే ఇంకో తీగ దొరికింది. మన జిల్లాలోని అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేల నిధి దొరికింది, అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల బొమ్మలున్నవి, ఒకటో శతాబ్దానివి. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా తవ్వినప్పుడు రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి, మెట్లు మెట్లుగా కూర్చునే ప్రదర్శనశాల కూడా బయటపడింది, సాగర్ నీళ్ళలో మునగకుండా దాన్ని అనుపు దగ్గర మళ్ళీ పేర్చారు. ఆ ఇటలీ సొమ్ము మన మట్టిలోకి వచ్చి రెండు వేల ఏళ్ళు. ఫణిగిరి గుట్ట మీద బౌద్ధులు స్తూపం కట్టుకుని చైత్యాలు, విహారాలతో కళకళలాడిన రోజులు కూడా ఇంచుమించు అవే.

ఇప్పుడు పానగల్లు. నల్లగొండ పక్కనే, ఆటోలో పోయేంత దూరం. ఒకప్పుడు కందూరు చోడ రాజుల రాజధాని. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద పురాణ కథలు వరుసగా చెక్కారు, పక్కనే మ్యూజియం. ఛాయా సోమేశ్వరాలయం పొలాల మధ్యలో ఉంటుంది, మూడు గర్భగుళ్ళు, ఒక దాంట్లో లింగం వెనక గోడ మీద పగలంతా ఒకే నీడ కదలకుండా నిలుస్తుంది. వేరువేరు స్తంభాల దగ్గర చెదిరే వెలుతురు కలిసి ఆ నీడను నిలబెడుతుంది, అలా వచ్చేలా స్తంభాలను కొలిచి పెట్టారు. ఆ పక్కనే ఉదయసముద్రం, ఉదయ చోడుడి పేరు మీద ఉన్న చెరువు. ఇప్పుడు దాంట్లోకి కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, నల్లగొండ జనం తాగేది అవే, కింద వరి పారేది కూడా అవే.

అగ్రిజెంతోలో ఏమేం ఉన్నాయో పానగల్లులో అవన్నీ ఉన్నాయి. పాత గుడి, పాత నీళ్ళు, ఆ నీళ్ళ మీద బతికే పంట, చుట్టూ తోటలు. అక్కడ చెరువు పూడిపోయి తోట మిగిలింది, ఇక్కడ చెరువే బతికి ఉంది, నన్నడిగితే మనదే ఎక్కువ. తేడా ఎక్కడంటే, అక్కడ గుడికి వచ్చినవాడిని కాలువ దగ్గరికి కూడా తీసుకుపోతారు, నీళ్ళు ఎలా వస్తున్నాయో చూపిస్తారు, పారతో పాదు కోసే మనిషి కూడా ఆ చోటులో భాగమే. మన దగ్గర గుడి పురావస్తు శాఖది, చెరువు ఇరిగేషన్ వాళ్ళది, పొలం రైతుది, ఎవరి బోర్డు వాళ్ళది. ఛాయా సోమేశ్వరంలో నీడ చూసి సెల్ఫీ దిగి వెళ్ళిపోయే పిల్లలకు ఆ గుడి చుట్టూ ఉన్న పొలాలకు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పేవాళ్ళు లేరు. గుడి కట్టినవాళ్ళూ చెరువు కట్టినవాళ్ళూ ఒక్కరే, రెండింటినీ ఒకే చూపులో చూపించాలి. గుడి నుంచి కట్ట దాకా, కట్ట నుంచి తూము దాకా, తూము నుంచి ఒక బత్తాయి తోట దాకా నడిచే దారి ఒకటి ఉంటే చాలు, పెద్ద ఖర్చు కూడా కాదు. తోట రైతుకు కాయ అక్కడే అమ్ముకునే వీలు దొరికితే, మార్కెట్లో వ్యాపారులు తరుగు పేరుతో టన్నుకింత అని కోత పెట్టే బాధ కొంతైనా తగ్గుతుంది.

ఎవరైనా చూడాలనుకుంటే ఫిబ్రవరిలో రండి, పూత వాసన రోడ్డు మీదికే తెలుస్తుంది. కాయ తినాలంటే ఆగస్టు తర్వాత, లేదా కత్తెర కాపు కోసం మార్చి, ఏప్రిల్.

నేను ఒక పని మొదలుపెట్టాను. చెరువు నీళ్ళు వంతుల ప్రకారం పొలాలకు వదిలిన నీరట్లు మన ఊళ్ళలో ఇంకా కొంతమంది ఉన్నారు, ఏ తూము ఏ మడికట్టుకు, ఏ కాలువ ఎక్కడ చీలుతుందో వాళ్ళకు నోటికి తెలుసు. ఆ వివరాలు అడిగి కాగితం మీద గీసుకుంటున్నాను, ముందు పానగల్లు, తర్వాత మా ఊరు. నాయిన తోడు వస్తున్నాడు, పెద్దవాళ్ళు ఆయనతో అయితే మాట్లాడతారు. మీ ఊళ్ళో నీరటి పని చేసిన పెద్దమనిషి ఉంటే, ఆయన మాట్లాడటానికి ఒప్పుకుంటే, ఊరి పేరు, చెరువు పేరు నాకు రాయండి. మేమే వస్తాం.